ఒక్క పాప కోసం ఐదు తరగతుల టైంటేబుల్

2022 జులైలో బడులు తెరిచిన మూడో వారంలో నాలుగో తరగతి లెక్కల నోట్సులు దిద్దుతున్నప్పుడు, ఒక పాప పుస్తకం చివరి పేజీలో నేను ఊహించని పట్టిక ఒకటి కనిపించింది. ముందు పేజీల్లో నేను ఇచ్చిన భాగహారాలు పన్నెండూ ఉన్నాయి. అన్నీ సరైనవే, కానీ ఏదో వదిలించుకోవాలన్న తొందరలో చేసినట్టు అంకెలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చివరి పేజీలో మాత్రం రాత కుదురుగా ఉంది. 1కి 1, 2కి 2, 3కి 3, 4కి 5, 5కి 8 అంటూ వరసగా రాసుకుంటూ వెళ్లి, 10కి 89 దగ్గర ఆపి, కింద గీత కొట్టింది.

పిలిచి అడిగితే "మెట్లు మిస్" అంది. అంతకు ముందు ఆదివారం వాళ్లమ్మ మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి కాలిబాటలో ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కిందట. అమ్మ అంత నిదానంగా కదులుతుంటే వెనకాల ఈ పాప ఒక మెట్టు ఒకసారి, రెండు మెట్లు ఒకసారి గెంతుతూ కాలక్షేపం చేసింది. అప్పుడు వచ్చిన ప్రశ్న అది: ఒక్కో మెట్టయినా ఎక్కవచ్చు, రెండేసి అయినా ఎక్కవచ్చు అనుకుంటే పది మెట్లను ఎన్ని రకాలుగా ఎక్కవచ్చు? "పదో మెట్టు మీదికి తొమ్మిదో మెట్టు నుంచి రావల్ల, లేదంటే ఎనిమిదో మెట్టు నుంచి రావల్ల. అందుకని ఆ రెండిటి లెక్కా కూడితే చాలు మిస్" అని తొమ్మిదేళ్లు నిండని పిల్ల నా బల్ల అంచు పట్టుకుని చెప్పింది. పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఆ మాటను ఇంటర్మీడియట్ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను ఎన్ని బొమ్మలు గీసేదాన్నో నాకు గుర్తుంది.

మాది తిరుపతిలో ఒక చిన్న ప్రైవేటు పాఠశాల. లెక్కలు చెప్పడంతో పాటు విద్యావిషయక బాధ్యతలు కూడా నావే. ఆ రోజు నుంచి ఈ విద్యా సంవత్సరం దాకా ఆ పాప కోసం, తర్వాత ఆమె వల్ల బయటపడిన మరికొందరి కోసం మా బడి దినచర్యను మేము ఎలా మార్చుకున్నామో, ఎక్కడ పొరబడ్డామో, ఏ ఇబ్బంది ఇంకా తీరలేదో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పిల్ల ఎదురైన ఉపాధ్యాయులు మన జిల్లాలో ఇంకా ఉండే ఉంటారు. వాళ్లకు పనికొస్తుందన్నదే నా ఆశ.

మొదట నేను చేసింది తప్పు. ఇచ్చిన పని ముందుగా ముగించేస్తుంది కదా అని ఇంకో పది లెక్కలు ఇచ్చేదాన్ని. అవి కూడా అలాంటి భాగహారాలే. అవీ అయిపోతే పక్కనున్న పిల్లలకు నేర్పించమని కూర్చోబెట్టేదాన్ని. ఆగస్టు చివరికి ఆ పాప కావాలని నెమ్మదిగా లెక్కలు చేయడం మొదలుపెట్టింది. త్వరగా చేస్తే దక్కేది మళ్లీ అదే పని అని ఆమెకు అర్థమైంది. వచ్చిందే మళ్లీ చేయించడం ప్రతిభకు శిక్ష వేయడమేనని నాకు తెలియడానికి మాత్రం నెలన్నర పట్టింది.

విషయం తెలిసి మా కరస్పాండెంట్ గారు డబుల్ ప్రమోషన్ ఇద్దామన్నారు. మన ప్రాంతంలో తెలివైన పిల్ల అనగానే పెద్దలకు తోచే దారులు రెండే. ఒకటి తరగతి దాటించడం, రెండోది ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో నడిచే సెక్షన్‌లో వేయడం. రెండో దారి గురించి నాకు మొదటి నుంచీ ఒకే అభిప్రాయం ఉంది. అక్కడ నలభై మందినీ ఒకే వేగంతో, కాకపోతే కాస్త ఎక్కువ వేగంతో పరుగెత్తిస్తారు. పిల్లను బట్టి చదువు మారదు. మొదటి దారి విషయంలో తేల్చుకోవాలంటే ఆ పాప నిజంగా ఏ సబ్జెక్టులో ఎక్కడుందో ముందు తెలియాలి.

నాలుగో తరగతి ప్రశ్నపత్రంతో అది తెలియదు. ఆ పత్రంలో నూటికి నూరు తెచ్చుకునే పిల్లలు తరగతికి అయిదారుగురు ఉంటారు. వాళ్లలో ఎవరు ఆ తరగతి పాఠంలో మాత్రమే గట్టివారో, ఎవరు దాన్ని దాటి ఎంతో దూరం వెళ్లిపోయారో ఆ నూరు మార్కులు చెప్పలేవు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియన్ స్టాన్లీ 1971లో మొదలుపెట్టిన అధ్యయనంలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లల చేత, కాలేజీలో చేరబోయే వాళ్లు రాసే శాట్ పరీక్ష రాయించడానికి కారణం ఇదే. పొడవు కొలవాలంటే స్కేలు పిల్లకన్నా పెద్దదిగా ఉండాలి. మా దగ్గర శాట్ లేదు కానీ, బీరువాలో పాత సంవత్సరాంత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. సెప్టెంబరులో నాలుగు శనివారాలు వరసగా, రోజుకు ఒక గంటకు మించకుండా, అయిదు నుంచి ఎనిమిది దాకా పత్రాలు ఇచ్చాం. ఇది పరీక్ష కాదని, ఎక్కడ ఆగిపోతుందో చూడటానికేనని పాపకు ముందే చెప్పాం.

లెక్కల్లో ఆరో తరగతి పత్రంలో నూటికి 92, ఏడో తరగతిలో 71, ఎనిమిదో తరగతిలో 34 వచ్చాయి. తెలుగులో ఏడో తరగతి పాఠం చదివి అర్థం చెప్పగలిగింది కానీ, పేజీ నిండా రాయమంటే చేయి నొప్పి అని పెన్సిలు కింద పెట్టేసింది. ఇంగ్లీషు అయిదో తరగతి స్థాయి. సాంఘిక శాస్త్రం అచ్చంగా నాలుగో తరగతి. ఆటల పీరియడ్‌లో ఓడిపోతే ఏడ్చే విషయంలో రెండో తరగతి అని ఆమె క్లాస్ టీచర్ చెప్పారు. ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూసినప్పుడు మా పని స్పష్టమైంది. ఈ పాప ఒకే సమయంలో నాలుగైదు తరగతుల్లో ఉంది. ఏ ఒక్క తరగతిలో కూర్చోబెట్టినా ఆమెలో కొంత భాగం బయటే మిగిలిపోతుంది. కాబట్టి మార్చాల్సింది పాప తరగతిని కాదు, మా గంటలను.

తల్లిదండ్రులను పిలిపించాం. తండ్రి కొండకు జీపు తోలతాడు, తల్లి ఇంట్లోనే పూలు కడుతుంది. గుమ్మం దగ్గరే నిలబడి "ఏమి మేడమ్, మా బిడ్డ ఏమన్నా తప్పు చేసినాదా?" అని అడిగాడు. బడి నుంచి పిలుపు వస్తే అంతకన్నా వేరే కారణం ఉంటుందని ఆయనకు తోచలేదు. విషయం చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "ఎట్ల చేస్తే బాగుంటాదో మీరే చూడండి మేడమ్. కానీ దానికి తోడు పిల్లకాయలు లేకుండా మాత్రం చేయొద్దండి" అన్నాడు. ప్రణాళిక తయారు చేసిన ప్రతిసారీ ఆ మాటకు జవాబు చెప్పుకున్నాకే నేను ముందుకు కదిలాను.

దసరా సెలవుల తర్వాత లెక్కల పీరియడ్‌కు మాత్రం ఆమెను ఆరో తరగతికి పంపాం. మిగతా రోజంతా తన నాలుగో తరగతి పిల్లలతోనే. కాగితం మీద ఇది చక్కగా కనిపించింది. కానీ ఆ ఆరో తరగతిలో వాళ్ల అన్న ఉన్నాడు. వాడు మామూలుగా చదివే, నెమ్మదస్తుడైన పిల్లవాడు. చెల్లెలు తన ముందు బెంచీలో కూర్చుని, తనకు అర్థమయ్యేలోపే జవాబు చెబుతుంటే ఆ పిల్లవాడి మనసు ఎలా ఉంటుందో మేమెవరం ఆలోచించలేదు. ఆరు వారాలు గడిచాక తండ్రి మళ్లీ వచ్చాడు. "పెద్దోడు ఇంట్లో నోరు మెదపడం లేదు మేడమ్. అన్నం కూడా గోడ పక్కకు తిరిగి తింటా ఉండాడు" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఒక పిల్లకు మేలు చేయబోయి ఇంకో పిల్లవాడి గౌరవాన్ని వాడి తోటివాళ్ల ముందే తీసేశాం.

ఆ తర్వాతే నేను ఇలాంటి నిర్ణయాల గురించి శ్రద్ధగా చదివాను. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు తరగతి దాటించాలా వద్దా అన్నది నిర్ణయించడానికి ఒక కొలమానం తయారు చేశారు. అందులో మార్కులు, ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) వంటివి ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు, పాప ఇప్పుడున్న తరగతిలో గానీ వెళ్లబోయే తరగతిలో గానీ తోబుట్టువు ఉంటే దాటించవద్దని, పిల్లకు ఇష్టం లేకపోతే అసలే వద్దని ఖచ్చితంగా రాశారు. మేము ఆ రెండూ అడగలేదు. అన్న ఏ తరగతిలో ఉన్నాడో మా హాజరు పట్టీలోనే ఉంది.

అయితే పరిశోధనలన్నీ తరగతి దాటించడానికి వ్యతిరేకమని అనుకోకూడదు. ఆస్ట్రేలియాలో మిరాకా గ్రాస్ ప్రజ్ఞాలబ్ధి 160 దాటిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో రెండు, మూడు తరగతులు దాటినవాళ్లు చదువులోనూ స్నేహాల్లోనూ హాయిగా ఉన్నారని, వయసు పిల్లలతోనే ఉంచేసినవాళ్లలో చాలామంది ఒంటరితనం అనుభవించారని ఆమె అధ్యయనం చెబుతుంది. వయసు తోడు, మనసు తోడు ఒకటి కావన్నది అందులో నాకు బాగా నచ్చిన విషయం. మా పాప విషయంలో ఒక తరగతి దాటిస్తే లెక్కలకు చాలదు, రెండు దాటిస్తే అన్న తరగతి, మూడు దాటిస్తే రాత అందుకోలేదు. అందుకే సబ్జెక్టు వరకే పై తరగతి అన్న నిర్ణయానికి వచ్చాం. అన్న ఆ తరగతిలో లేకపోయి ఉంటే, రాత అంత వెనకబడకపోయి ఉంటే వేరే నిర్ణయం తీసుకునేవాళ్లమేమో.

ఆ డిసెంబరులో నేను పీలేరు మీదుగా మదనపల్లె వెళ్లి, రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడుపుతున్న చిన్న బడి ఒకటి చూసి వచ్చాను. జిడ్డు కృష్ణమూర్తి గారి పేరుతో ఆ లోయ అందరికీ తెలుసు. అక్కడి విద్యావనరుల సంస్థ పల్లె పిల్లల కోసం తయారు చేసిన పద్ధతి గురించి మన జిల్లాలోనే చాలామంది ఉపాధ్యాయులకు తెలియదు. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు స్ఫూర్తి ఇదే. ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలు, ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు ఉంటారు. గోడ మీద ప్రతి సబ్జెక్టుకూ ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. నిచ్చెన మెట్టు మెట్టుకూ కొన్ని కార్డులు, కార్డు మీద చిన్న బొమ్మ గుర్తు. పిల్లవాడు వచ్చి నిచ్చెనలో తానెక్కడ ఉన్నాడో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, ఆ గుర్తును బట్టి టీచర్ దగ్గర కూర్చోవాలో, తోటివాళ్లతో కూర్చోవాలో, ఒంటరిగా చేసుకోవాలో తెలుసుకుని వెళ్లిపోతాడు. "అందరూ నలభయ్యో పేజీ తీయండి" అన్న మాట అక్కడ వినిపించలేదు. జ్వరం వచ్చి వారం రోజులు రాని పిల్ల తాను వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెట్టింది. చకచకా సాగే పిల్లవాడు ఎవరి అనుమతీ అడగకుండా తర్వాతి కార్డు తీసుకున్నాడు.

ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఉన్న పల్లె బడి ఇబ్బందికి దొరికిన పరిష్కారం, అతి వేగంగా వెళ్లే పిల్ల సమస్యకు కూడా సరిగ్గా సరిపోతుందని ఆ మట్టి నేల మీద కూర్చుని ఉండగా నాకు తట్టింది. రెండు చోట్లా కావలసింది ఒకటే: ఒకే గదిలో వేర్వేరు చోట్ల ఉన్న పిల్లలకు ఎవరి దారి వాళ్లకు ఉండటం. తిరుగు ప్రయాణంలో బస్సులోనే ఆరో తరగతి లెక్కల పాఠాలను మెట్లుగా విడగొట్టి రాసుకున్నాను.

సంక్రాంతి సెలవుల్లో ఆరో తరగతి లెక్కలకు నలభై ఆరు కార్డులు తయారు చేశాం. ప్రతి అధ్యాయానికీ ముందు ఒక చిన్న పరీక్ష ఉంటుంది. అందులో వచ్చిన భాగాన్ని వదిలేసి, రాని భాగం మాత్రమే నేర్చుకోవాలి. జోసెఫ్ రెంజుల్లి అనే అమెరికన్ విద్యావేత్త పాఠ్యాంశాన్ని కుదించడం అని చెప్పే పద్ధతి ఇదే. పూర్ణసంఖ్యలు, భిన్నాలు ఆమెకు ఎప్పుడో వచ్చు. నిష్పత్తి మాత్రం రాదు. బీజగణితంలో అక్షరాన్ని సంఖ్యకు బదులుగా వాడటం ఆమెకు చాలా నచ్చింది. అయిదు వారాల్లో ఆరో తరగతి లెక్కలు ముగించి, అన్న తరగతి గదిలో అడుగు పెట్టకుండానే ఫిబ్రవరిలో ఏడో తరగతి లెక్కల పీరియడ్‌కు వెళ్లింది. ఈసారి ముందుగా అన్నను పక్కకు పిలిచి విషయం చెప్పాను. "అది మా క్లాసుకి రాదు కదా మిస్?" అని ఒక్కటే అడిగాడు.

మిగిలిన సమయం ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. వేగం ఒక్కటే చాలదు, లోతు కూడా కావాలి. ఇక్కడ మాకు దారి చూపింది మా తెలుగు మాస్టారు. మెట్ల లెక్క సంగతి స్టాఫ్ రూములో నేను చెబుతుంటే ఆయన చాక్‌పీసు తీసుకుని బల్ల మీదే రాశారు. ఒక మెట్టంటే ఒక మాత్ర కాలం పట్టే లఘువు, రెండు మెట్లంటే రెండు మాత్రలు పట్టే గురువు అనుకోండి, నాలుగు మెట్లు ఎక్కడమంటే నాలుగు మాత్రల గణాలు రాయడమే అన్నారు. గగ, భ, జ, స, నల. సరిగ్గా అయిదు. కందపద్యంలో వాడే గణాలు ఆ అయిదే. పాప పట్టికలో 4కి ఎదురుగా ఉన్న 5 అది. మర్నాడు ఆయన ఆ పాపను కూర్చోబెట్టి కందపద్యం రాగయుక్తంగా చదివి, చేత్తో మాత్రలు లెక్క వేయించారు. పాప ఆ అయిదు గణాలనూ మెట్ల బొమ్మలుగా గీసి, గురువు దగ్గర రెండు మెట్లు కలిపి వంపు గీసింది. అయిదు మాత్రలకు ఎనిమిది గణాలు ఉండాలి కదా అని తానే రాసుకుని వచ్చి చూపింది. రాత అంటే చేయి నొప్పి అనే పిల్ల ఆ వారంలో పన్నెండు పేజీలు నింపింది. ఛందస్సు తొమ్మిదో తరగతిలో చెప్పాల్సిన సంగతి అని ఎవరో అనబోతే, "కందానికి తరగతి ఏమిటండీ" అన్నారు మాస్టారు.

2023 జూన్‌లో అసలు పని మొదలైంది. ఒక్క పాప ఒక్క పీరియడ్‌కు పై తరగతికి వెళ్లాలన్నా ఆమె తరగతికీ, ఆ పై తరగతికీ లెక్కలు ఒకే గంటలో ఉండాలి. లేకపోతే ఆమె లెక్కల కోసం సైన్సో తెలుగో పోగొట్టుకోవాలి. అంతకు ముందు సంవత్సరం ఆమె వారంలో మూడు రోజులు ఆటల పీరియడ్ పోగొట్టుకుంది. అది అన్యాయం. కాబట్టి నాలుగు నుంచి ఎనిమిది దాకా అయిదు తరగతులకూ లెక్కలు మొదటి పీరియడ్‌లోనే పెట్టాలని ప్రతిపాదించాను. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మిస్సోరి రాష్ట్రంలోని జాప్లిన్ అనే ఊళ్లో 1950లలో చదవడం నేర్పే గంటను నాలుగు, అయిదు, ఆరు తరగతులకు ఒకేసారి పెట్టి, పిల్లలను వయసుతో సంబంధం లేకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టారు.

చెప్పినంత తేలిక కాలేదు. అయిదు గదుల్లో ఒకే గంటలో లెక్కలంటే లెక్కలు చెప్పగలిగేవాళ్లు అయిదుగురు కావాలి. మాకున్నది ఇద్దరం. నాలుగు, అయిదు తరగతులకు వాళ్ల క్లాస్ టీచర్లే చెబుతారు. ఎనిమిది నేను, ఏడు నా సహోద్యోగి తీసుకున్నాం. ఆరో తరగతికి భౌతికశాస్త్రం మాస్టారు ఒప్పుకోవడానికి మూడు సమావేశాలు పట్టింది. ఆయన ఉదయం గంటను పదో తరగతికి ఉంచుకోవడం ఏళ్లుగా వస్తున్న అలవాటు. పది ఫలితాలు తగ్గితే ఎవరు జవాబు చెబుతారని అడిగారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే మా వంటి చిన్న బడి బతికేది పదో తరగతి ఫలితాల మీదే. చివరకు పదికి ఆయన గంట మూడో పీరియడ్‌కు మారింది, బదులుగా శనివారం మధ్యాహ్నం ఆయనకు ఉండే పర్యవేక్షణ విధి నేను తీసుకున్నాను. ఆ ఏడాది పది ఫలితాలు ఎప్పటిలాగే వచ్చాయి.

ఆ టైంటేబుల్ చూసి కొందరు తల్లిదండ్రులు వచ్చారు. ఒక్క పాప కోసం ఇంత మార్చారు, మా పిల్లలకు ఏం తక్కువ అని అడిగారు. వాళ్లు అడిగింది సబబే అనిపించింది. అధ్యాయం ముందు పరీక్షను నాలుగు నుంచి ఏడు దాకా అందరికీ తెరిచాం. ఎవరైనా రాయవచ్చు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఆ ఏడాది పదకొండు మంది పిల్లలు ఏదో ఒక సబ్జెక్టులో పై తరగతికి వెళ్లగలిగారు. వాళ్లలో నలుగురి పేర్లే మేము ముందుగా ఊహించినవి.

ఊహించని వాళ్లలో ఒక పిల్లవాడి గురించి చెప్పాలి. అయిదో తరగతిలో అల్లరికి పేరు మోసినవాడు. వాడి నోట్సులో ఒత్తులు, దీర్ఘాలు ఒక్కటీ సరిగా ఉండవు, ఇంగ్లీషు స్పెల్లింగు మరీ ఘోరం. అధ్యాయం ముందు పెట్టే పరీక్షలో వాడి కాగితం దాదాపు ఖాళీ. కానీ పరీక్ష గదిలో పక్కవాడికి నోటితో జవాబు చెబుతూ దొరికాడు. ఆ జవాబు సరైనది, పైగా ఏడో తరగతికి చెందినది. మందలించబోయి ఆగి, ప్రశ్నలన్నీ చదివి వినిపించి నోటితోనే చెప్పమన్నాను. అన్నీ చెప్పాడు. తర్వాత తల్లిదండ్రులు మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్తే, తెలివితేటలు కొలిచే మాలిన్ పరీక్ష చేసి, వాడికి డిస్లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉందని, తర్కంలో మాత్రం వయసుకన్నా చాలా ముందున్నాడని చెప్పారు. రెండూ ఒకే పిల్లవాడిలో ఉంటే ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది, చూసేవాళ్లకు మామూలు పిల్లవాడిగానో అల్లరివాడిగానో కనిపిస్తాడు. ఉపాధ్యాయుల సిఫారసు మీదే పిల్లలను ఎంపిక చేసి ఉంటే వాడు ఎప్పటికీ మా కంటికి ఆనేవాడు కాదు. రాతపరీక్ష ఒక్కటే పెట్టినా అంతే. అప్పటి నుంచి ముందు పరీక్షకు నోటితో చెప్పే వీలు కూడా కల్పించాం.

ఏడో తరగతి గదిలో పాపకు వేరే రకం ఇబ్బందులు వచ్చాయి. బెంచీ ఎత్తుకు కాళ్లు నేలకు ఆనేవి కావు. నలభై నిమిషాలు కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే ఏ పిల్లయినా కదులుతుంది, కదిలితే చిన్నపిల్ల అని పెద్దవాళ్లు నవ్వుతారు. కింద ఒక పాత చెక్కపెట్టె వేశాం. బోర్డు మీదిది దించుకోవడంలో వెనకబడుతుంటే ప్రశ్నలు అచ్చువేసి ఇచ్చాం. ఇలాంటివి ఏ ప్రణాళికలోనూ ఉండవు, కానీ వీటి దగ్గరే ప్రణాళికలు కూలిపోతాయి.

రికార్డుల విషయం కొద్దిగా చెబుతాను. హాజరు పట్టీలో, ఆన్‌లైన్‌లో ఆమె తరగతి వయసుతో పాటే సాగుతోంది. ప్రోగ్రెస్ కార్డులో తన తరగతి పరీక్ష మార్కులే వేస్తాం. పైన చదువుతున్న లెక్కల వివరం వేరే కాగితంలో రాసి ప్రధానోపాధ్యాయురాలు సంతకం చేస్తారు. రేపు బడి మారాల్సి వస్తే ఆ కాగితమే ఆమెకు ఆధారం. 2020 జాతీయ విద్యావిధానం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకు తరగతి పాఠాన్ని మించిన సామగ్రి ఇచ్చి ప్రోత్సహించాలని ఉపాధ్యాయులకు చెబుతోంది, బడుల్లో అంశాలవారీ క్లబ్బులు పెట్టమంటోంది. ఆ పేరాను కరస్పాండెంట్ గారికి చూపించడం వల్లే మా కార్డుల అచ్చు ఖర్చుకు అనుమతి దొరికింది.

ఇప్పుడు ఆ పాప ఏడో తరగతి. లెక్కల్లో పదో తరగతి పాఠం ముగించేసింది. ఇక పై తరగతి మా బడిలో లేదు. కిందటేడాది నుంచి, విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన ఒక గణితం మాస్టారు వారానికి రెండు సాయంత్రాలు ఆమెకూ, ఆ అల్లరి పిల్లవాడికీ, ఇంకో ఇద్దరికీ చెబుతున్నారు. సిలబస్‌లో ముందుకు తీసుకుపోవద్దని, సంఖ్యా సిద్ధాంతం వంటివి లోతుగా చెప్పమని కోరాం. గణిత ఒలింపియాడ్‌కు తొలి మెట్టయిన ఐఓక్యూఎం పరీక్ష రాయాలంటే కనీసం ఎనిమిదో తరగతిలో ఉండాలి. రికార్డుల ప్రకారం ఆమె ఇంకా ఏడే కనుక ఒక ఏడాది ఆగక తప్పదు. ఆగడం ఆమెకు కష్టంగా ఉంది. పాత ప్రశ్నపత్రాలు చేస్తూ గడుపుతోంది.

నవంబరులో ఆ మాస్టారి దగ్గర సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) నేర్చుకున్న వారంలో స్టాఫ్ రూముకు వచ్చి, అలిపిరి మెట్ల లెక్క తేలిందని చెప్పింది. మూడేళ్ల కిందట నేనే సరదాకు అడిగాను, పదికి 89 అయితే మొత్తం 3,550 మెట్లకూ ఎంత అని. రాయడానికి పుస్తకం చాలదు మిస్ అని అప్పుడు అంది. ఇప్పుడు ఆ సంఖ్యను రాయకుండానే, అందులో 742 అంకెలు ఉంటాయని లెక్కగట్టి తెచ్చింది. నమ్మకం కుదరక కంప్యూటర్ ల్యాబులో సరిచూసుకోమన్నాను. తొమ్మిదో తరగతిలో ఉన్న వాళ్లన్న నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి ఆ సంఖ్యను మొత్తం తెర మీదికి తెప్పించాడు. అంకెలు లెక్కపెట్టమని దానికి ఇంకో వరుస జోడించాల్సిన మాట చెల్లెలికి తట్టలేదు, వాడే చెప్పాడు.

వచ్చే జూన్ టైంటేబుల్ మొదటి చిత్తు నా బల్ల మీద ఉంది. తొమ్మిది, పది తరగతులను కూడా మొదటి పీరియడ్‌లోకి తేవాలంటే ఇంకో ఇద్దరు లెక్కల టీచర్లు కావాలి. ఒకరి జీతానికే కరస్పాండెంట్ గారు ఒప్పుకున్నారు. అందులో ఏమైనా మార్చాలా అని ఆ పాపను అడిగితే, శనివారం చివరి గంటలో ఉన్న ఖోఖోను మాత్రం కదిలించవద్దంది. ఆ గంట చుట్టూ పెన్సిలుతో గీత గీసి పెట్టాను.